మైదా జిగురు వాసన

మొన్న రాత్రి పదకొండు దాటాక చిక్కడపల్లి సందులోంచి నడిచి వస్తుంటే ఎవరో మైదా ఉడకబెడుతున్నారు. గోడ పక్కన మూడు ఇటుకలు, వాటి మీద నూనె డబ్బా కోసి చేసిన గిన్నె, కింద విరిగిన చెక్కపెట్టె ముక్కలు. ఒక ముసలాయన కర్రతో కలుపుతున్నాడు. ఇద్దరు కుర్రాళ్లు పోస్టర్ల చుట్టలు విప్పుతున్నారు. అంతా ఫ్లెక్సీల కాలం కదా, ఇంకా జిగురు కాచేవాళ్లు ఉన్నారా అని ఆగాను. పచ్చి పిండి వాసన పోయి, ఉడికిన గంజి వాసన మొదలయ్యే దగ్గర మధ్యలో ఒక నిమిషం ఉంటుంది. ఆ నిమిషం నా కడుపులో తిప్పింది. ముసలాయన చిటికెడు మైలుతుత్తం వేస్తే గిన్నెలో నీలంగా చారలు తిరిగాయి. పురుగు పట్టకుండా వేస్తారు. ఆ సంగతి నాకు పద్నాలుగేళ్లప్పుడే తెలుసు.

ఇంటికి వచ్చి పడుకున్నాను గానీ నిద్ర రాలేదు. మా ఆవిడ "ఏసీడిటీనా?" అంది. కాదు, ఢిల్లీ అన్నాను. తను అటు తిరిగి పడుకుంది. ఆ కథ తనకు సగం తెలుసు.

*

నాన్న సెంట్రల్ గవర్నమెంట్‌లో గుమాస్తా. ఆర్కే పురంలో ఆఫీసు. క్వార్టర్ కోసం లిస్టులో పేరు ఉండేది, కానీ మా వంతు రావడానికి ఇంకా ఏళ్లు పట్టేలా ఉంది. అందుకని పశ్చిమ ఢిల్లీలో ఒక అనధికార కాలనీలో అద్దెకుండేవాళ్లం. కాలనీ పేరు రాయను. పొలాలు ముక్కలు చేసి అమ్మితే వెలిసిన కాలనీ అది. మురుగు కాలువ లేదు, కుళాయి లేదు, ఇంటి నంబర్లకు వరస లేదు. ఎవరు ముందు కొంటే వాళ్లకు ముందు నంబరు. మా ఇల్లు 14, పక్కిల్లు 62, దాని పక్కది 9-ఏ. పోస్ట్‌మాన్ కొత్తవాడు వస్తే సందు మొదట్లో నిలబడి "మద్రాసీ బాబూ!" అని కేకేసేవాడు.

అమ్మకు హిందీ రాదు. నాలుగేళ్లు ఉన్నా "కిత్‌నా", "నహీ", "బస్" దాటలేదు. ఆ మూడు మాటలతోనే కూరగాయల బండివాణ్ణి ఏడిపించేది. సాయంత్రం సందు మధ్యలో మట్టి తందూరు వెలిగించేవారు. అందరికీ కలిపి ఒకటే. ఆడవాళ్లు ఎవరి పిండి వాళ్లు పళ్లెంలో కలుపుకుని తెచ్చి, కబుర్లు చెప్పుకుంటూ రొట్టెలు కాల్చుకునేవారు. చేతిలో రొట్టెను అటూ ఇటూ చరిచే చప్పుడు, లోపలి గోడకు కొట్టినప్పుడు 'ధబ్'మనే చప్పుడు నాకింకా చెవుల్లో ఉన్నాయి. అమ్మ అక్కడికి ఊరికే వెళ్లి కూర్చునేది. మడి, ఆచారం ఉన్న మనిషి, అక్కడ తినేది కాదు. 62 నంబరు ఇంటి బీజీ పక్కన కూర్చునేది, అంతే. బీజీ పంజాబీలో మాట్లాడేది, అమ్మ తెలుగులో జవాబు చెప్పేది. గంటలు గంటలు. ఏం అర్థమయ్యేదో వాళ్లకే తెలియాలి. అమ్మ ఆవిణ్ణి "మామ్మగారూ" అనేది, ఆవిడ అమ్మను "ధీయే" అనేది. కూతురా అని.

బీజీ మనవడు నా దోస్తు. ఇంట్లో వాణ్ణి "కాకా" అనేవారు. పంజాబీలో పిల్లాణ్ణి అలా అంటారు. హైదరాబాద్ వచ్చాక ఇక్కడ కాకా అంటే ఇంకేదో అని తెలిసి నవ్వుకున్నాను. వాళ్ల నాన్న దార్జీ ఫ్యాన్లూ కూలర్లూ బాగు చేసేవాడు. మా టేబుల్ ఫ్యాన్‌కి మూడుసార్లు వైండింగ్ కట్టాడు, మూడుసార్లూ డబ్బులు తీసుకోలేదు. అమ్మ గోంగూర పచ్చడి పంపేది. ఆయన దాన్ని పరాఠాలో పెట్టుకుని తినేవాడు.

సందులో సిక్కుల ఇళ్లు నాలుగు.

*

ఆ కాలనీకి ఒక నాయకుడుండేవాడు. మేం ప్రధాన్‌జీ అనేవాళ్లం. ఏ పార్టీ, ఎప్పుడు నిలబడ్డాడు, గెలిచాడా ఓడాడా అనేవి ఇక్కడ అనవసరం. పోయాడు కూడా. తెల్ల కుర్తా పైజమా, చలికాలం పైన జాకెట్, చేతిలో ఎప్పుడూ ఒక రెగ్జిన్ బ్యాగు. ఆ బ్యాగులో రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు, కాలనీ మొత్తం.

వెటకారానికి అనడం లేదు. నీళ్ల ట్యాంకర్ కావాలంటే ఆయన. కరెంటు స్తంభం కావాలంటే ఆయన. రేషన్ కార్డులో పేరెక్కాలంటే ఆయన ముద్ర ఉండాలి. మట్టినూనె డిపో ఆయన బావమరిదిది. మాకు రేషన్ కార్డు ఇప్పించింది కూడా ఆయనే. నాన్న ఆరు నెలలు తిరిగి తేలేనిది ఆయన ఒక మధ్యాహ్నంలో తెచ్చాడు. తెచ్చి, లోపలికి రాబోతే అమ్మ తడిబట్టతో ఉండి "మడి, మడి" అని అరిచింది. నాన్న సిగ్గుతో చచ్చిపోయి వివరించాడు. ప్రధాన్‌జీ పెద్దగా నవ్వి, కార్డు గుమ్మం మీద పెట్టి, "భాభీజీ పూజ చేసుకోనివ్వండి బాబూజీ" అని వెళ్లాడు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా గుమ్మం బయటే ఆగి "మడీ?" అని అడిగేవాడు. మంచివాడు కాదని మాలో ఒక్కరం అనుకోలేదు. గురుద్వారాలో గురుపురబ్‌కి, అంటే సిక్కు గురువుల పండగకి, తలకు కాషాయ రుమాలు కట్టుకుని కూర్చుని, లంగరులో, అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో, వడ్డించేవాడు.

1983 ఫిబ్రవరిలో ఢిల్లీలో కార్పొరేషన్, మెట్రోపాలిటన్ కౌన్సిల్ ఎన్నికలు వచ్చాయి. ఆయన ఆఫీసు అంటే సిమెంటు కొట్టు ముందు కట్టిన టెంటు. వెనకాల ఒక గిన్నెలో రాత్రంతా మైదా ఉడికేది. నాకూ కాకాకూ చేతిరాత బాగుంటుందని స్కూల్లో పేరు. దాంతో పర్చీలు రాసే పని మాకు తగిలింది. ఓటరు లిస్టు చూసి ఒక్కొక్కరికీ ఒక చీటీ రాయాలి. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, లిస్టులో వరస నంబరు. వంద చీటీలకు రెండు రూపాయలు, సమోసా, చాయ్. మా సందు లిస్టు కాకా రాశాడు. వాళ్ల దార్జీ పేరు రాసేటప్పుడు వాడు కొంచెం వంకర్లు తిప్పి అందంగా రాసి నాకు చూపించాడు.

ఇంకో పని కూడా చేశాం. లిస్టులో నంబర్లు వరసగా ఉంటాయి, సందులో ఉండవు. చీటీలు పంచే కుర్రాళ్లు తిరగలేక చస్తుంటే, ప్రధాన్‌జీ మమ్మల్ని పిలిచి, ఏ సందులో ఏ నంబరు తర్వాత ఏ నంబరు వస్తుందో నడుస్తూ రాసుకు రమ్మన్నాడు. రెండు రోజులు తిరిగి, రూళ్ల కాగితాల మీద ఇళ్ల వరస రాశాం. నంబరు, ఇంటాయన పేరు, గుర్తుగా వేపచెట్టో నీలం తలుపో. ఆయన చూసి ముచ్చట పడి మాకు చెరో పెన్ను ఇచ్చాడు. ఆ కాగితాలు బ్యాగులో పెట్టుకున్నాడు.

*

అప్పటికే గాలి మారుతోంది, మాకే తెలియలేదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఏషియాడ్ ఆటలకి పంజాబ్ నుంచి వచ్చే సర్దార్లను హర్యానాలో బస్సులు ఆపి సోదా చేశారు. దార్జీ బావగారిని రెండుసార్లు దింపారట, ఆయన మిలిటరీలో పని చేసి వచ్చినవాడు. 1984 జూన్‌లో స్వర్ణ దేవాలయంలోకి సైన్యం వెళ్లింది. ఆ రోజుల్లో బీజీ తందూరు దగ్గరికి రాలేదు. వారం తర్వాత వచ్చింది గానీ మాట్లాడలేదు. అమ్మ కూడా ఊరికే పక్కన కూర్చుంది.

ప్రధాన్‌జీ గురుద్వారాకి రావడం మానేశాడు. టెంటు దగ్గర మాటల్లో "వో లోగ్" అనే పదం వచ్చింది. ఆ జనం అని. ముందు నెమ్మదిగా, తర్వాత మామూలుగా.

మా నాన్నకు ఇదేమీ పట్టలేదు. ఆ ఆగస్టులో ఎన్టీఆర్‌ని దింపేశారు, నాదెండ్ల ముఖ్యమంత్రి అయ్యాడు, నెల తిరిగేసరికి మళ్లీ ఎన్టీఆర్ వచ్చాడు. ఆఫీసులో తెలుగువాళ్లందరికీ అదే మాట. ఇంకో సంగతి చెప్పుకుని మురిసేవారు, హోం మంత్రి మనవాడేనని. జులైలో పీవీ నరసింహారావు హోం శాఖకు వచ్చారు. ఢిల్లీ పోలీసు హోం శాఖ కిందే ఉంటుంది. నవంబరు తర్వాత ఆ తెలుగు సంఘాల్లో, కాఫీ బల్లల దగ్గర ఆ మురిపెం మళ్లీ వినలేదు. ఎవరూ ఎందుకని అడగనూ లేదు. ఆ అడగకపోవడంలో మా నాన్నా ఉన్నాడు.

*

దీపావళి అయి వారమే. గోడల పక్కన కాలిన చిచ్చుబుడ్ల మట్టి చిప్పలు ఇంకా దొర్లుతున్నాయి. అక్టోబరు 31, బుధవారం. స్కూలు మధ్యలో వదిలేశారు. రేడియోలో ఏడుపు వాయిద్యాలు. ఇందిరాగాంధీ పోయిందని బీబీసీ మధ్యాహ్నమే చెప్పేసిందట. ఆకాశవాణి సాయంత్రం చెప్పింది. కాల్చింది సొంత అంగరక్షకులు, ఇద్దరు, సిక్కులు.

నాన్న ఎయిమ్స్ దగ్గర బస్సు మారాలి. ఆ రోజు రాత్రి తొమ్మిదింటికి నడిచి ఇల్లు చేరాడు. చెప్పుల్లేవు. ఆస్పత్రి ముందు బస్సుల్లోంచి తలపాగాలవాళ్లను లాగుతున్నారని, రాష్ట్రపతి జైల్‌సింగ్ కారు మీద కూడా రాళ్లు పడ్డాయని చెప్పాడు. మంచినీళ్లు తాగి, లేచి వెళ్లి 62 తలుపు కొట్టాడు. దార్జీ లేడు. పొద్దున సామాన్ల కోసం కరోల్‌బాగ్ వెళ్లినవాడు ఇంకా రాలేదు. నాన్న ఏం చెప్పాడో, డాబా మీదుగా బీజీ, కాకా, వాళ్లమ్మ, చెల్లి మా ఇంట్లోకి దిగారు. దార్జీ కోసం వాళ్ల దీపం వెలిగించే ఉంచారు.

ఆ రాత్రి ప్రధాన్‌జీ ఇంటి ముందు కూడా లైట్లు ఆర్పలేదు. మా డాబా మీంచి కనిపించేది. స్కూటర్లు వస్తున్నాయి, పోతున్నాయి.

గురువారం పొద్దున టీవీలో తీన్‌మూర్తి భవన్. ఇందిర శవాన్ని అక్కడే ఉంచారు. జనం వరసలో, నినాదాలు. రక్తానికి రక్తమే బదులు అని. దూరంగా నల్లటి పొగ, ఒకటి కాదు, మూడు నాలుగు చోట్ల నిలువుగా. టైరు కాలే పొగ, జిడ్డుగా.

మధ్యాహ్నం మా సందులోకి వచ్చారు. ముప్పై నలభై మంది ఉంటారు. చాలామంది బయటివాళ్లు. చేతుల్లో ఇనప రాడ్లు, మట్టినూనె డబ్బాలు. ముందు నడుస్తున్న ఇద్దరిలో ఒకడు మా చీటీలు పంచిన కుర్రాడు. వాడి చేతిలో కాగితాలు ఉన్నాయి. తొమ్మిది-ఏ, నలభై ఒకటి, ఏడు, అరవై రెండు. వరసకు లేని నంబర్లు. పోస్ట్‌మాన్‌కి దొరకని ఇళ్లు. ఒక్క తలుపు తప్పు కొట్టలేదు వాళ్లు.

రూళ్ల కాగితాలా అని అడుగుతారు. కిటికీ సందులోంచి చూశాను, ఇరవై అడుగుల దూరం. రూళ్లు ఉన్నాయో లేవో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నలభై ఏళ్లుగా ఆ కాగితం దగ్గరికి వెళ్లి చూస్తూనే ఉన్నాను, కనిపించదు.

అప్పుడు స్కూటర్ మీద ప్రధాన్‌జీ వచ్చాడు. దిగలేదు. ఏదో అన్నాడు, చెయ్యి ఎత్తాడు. ఆపమన్నాడో, చూపించాడో. ఆ గోలలో మాట వినపడలేదు. ఆయన అలా ఉండగానే 9-ఏ తలుపు విరిగింది. ఇవాళ ఏ జడ్జి అడిగినా నేను చెప్పగలిగింది ఇంతే, ఒక చెయ్యి లేచింది. దీంతో ఎవరికి శిక్ష పడుతుంది?

తర్వాత మా గుమ్మం ముందుకి వచ్చాడు. "బాబూజీ, ఇంట్లో మీవాళ్లేనా అందరూ?" నాన్న నోరు పెగల్లేదు. ఆయన జీవితంలో అబద్ధం చెప్పిన మనిషి కాదు, ఆ ఒక్కరోజు పనికొచ్చేది అదే. లోపల్నుంచి అమ్మ వచ్చింది. ఎప్పుడు పోసుకుందో, నెత్తిమీంచి నీళ్లు కారుతున్న తడి చీరతో గుమ్మానికి అడ్డంగా నిలబడి "మడి! మడి! నహీ! బస్!" అని అరిచింది. వెనకాల గుంపులో ఎవడో నవ్వాడు. ప్రధాన్‌జీ కిందికి చూశాడు. గుమ్మం పక్కన కాకా స్కూలు బూట్లు ఉన్నాయి. నావి కూడా ఉన్నాయి, పక్కపక్కనే. ఆయన వాటిని చూశాడు. ఇది మాత్రం నేను ప్రమాణం చేసి చెప్తాను, చూశాడు. తల ఎత్తి, "భాభీజీ పూజలో ఉన్నారు, పదండి" అని వాళ్లను తీసుకుపోయాడు.

దాన్ని దయ అని మా నాన్న చివరిదాకా అన్నాడు. నేననను. నాలుగిళ్లు చూపించినవాడు అయిదోది చూపించకపోతే దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు గానీ, దయ మాత్రం కాదు.

ఆ రాత్రి కాకా జుట్టు కత్తిరించారు. వాళ్లమ్మే కత్తిరించింది, అమ్మ కత్తెరతో. బీజీ ఆ జుట్టంతా ఏరి, అమ్మ ఇచ్చిన పాత వాయిలు చీర ముక్కలో మూట కట్టి ఒళ్లో పెట్టుకుంది. నీళ్లలో విషం కలిపారని అర్ధరాత్రి ఎవరో అరుచుకుంటూ పోయారు. అమ్మ బిందె నీళ్లు పారబోసింది. మళ్లీ ట్యాంకర్ వచ్చేదాకా మేం ఏడుగురం రెండు చెంబులతో గడిపాం.

*

నవంబరు మూడో తారీకు ఇందిర అంత్యక్రియలయ్యాక మా వైపు మిలిటరీ లారీ వచ్చింది. వాళ్లను శిబిరానికి తీసుకెళ్లారు. దార్జీ రాలేదు. శవమూ రాలేదు.

అయిదు రోజులకి కార్తీక పౌర్ణమి. మా అమ్మకి కార్తీక పౌర్ణమి, మామ్మగారికి గురునానక్ జయంతి, ఎప్పుడూ ఒకే రోజు. ముందు ఏడాది ఆవిడ కడా ప్రసాదం, గురుద్వారాలో పెట్టే హల్వా, తెస్తే, అమ్మ మొదటిసారి చెయ్యి చాచి తీసుకుంది. ఈసారి అమ్మ వత్తుల కట్ట వెలిగించి, రవ్వ కేసరి చేసి, నాన్నతో శిబిరానికి పంపింది. నేనూ వెళ్లాను. స్కూలు ఆవరణ, షామియానాలు, ఎక్కడ చూసినా ఆడవాళ్లే. బీజీ ఒక చెంచా నోట్లో వేసుకుని, మిగతాది చుట్టూ ఉన్న పిల్లలకు పంచింది.

అక్కడికి ప్రధాన్‌జీ కూడా వచ్చాడు. దుప్పట్లు తెచ్చాడు. నష్టపరిహారం ఫారాలు నింపుతున్నారు. ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉండేవాడని ఊళ్లో తెలిసినవాళ్లెవరైనా సంతకం పెట్టాలి. కాలనీలో అందరికీ తెలిసినవాడు, అందర్నీ తెలిసినవాడు ఆయనొక్కడే. రెగ్జిన్ బ్యాగులోంచి స్టాంపు తీసి, ఇంకు ప్యాడు మీద అద్ది, దార్జీ పేరు కింద ముద్ర వేశాడు. కాకా వాళ్లమ్మ ఆయనకు చేతులు జోడించింది.

*

ఢిల్లీలో చనిపోయినవాళ్లు 2,733 అని ప్రభుత్వం లెక్క తేల్చింది. దార్జీ అందులో ఉన్నాడా అని కాకా తర్వాత ఎన్నేళ్లో తిరిగాడు. కమిషన్లు వచ్చాయి, కమిటీలు వచ్చాయి. 2005లో నానావతి కమిషన్ రిపోర్టు వచ్చినప్పుడు మన్మోహన్ సింగ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 1984లో ఢిల్లీ కాంగ్రెస్ ఎంపీగా ఉన్న సజ్జన్ కుమార్‌ని 2013లో కింది కోర్టు వదిలేసింది. 2018 డిసెంబరు 17న ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పు కొట్టేసి, పాలం దగ్గర రాజ్‌నగర్‌లో అయిదుగురిని చంపిన కేసులో యావజ్జీవం వేసింది. ముప్పై నాలుగేళ్లు. ఈ మధ్యలో ఆయన మళ్లీ ఎంపీ అయ్యాడు, ఒకసారి కాదు. 2025 ఫిబ్రవరిలో ఇంకో కేసులో, తండ్రీకొడుకుల హత్యకు, మరో యావజ్జీవం.

ఆ 2018 రోజున కాకాకు ఫోన్ చేశాను. వాడు ఇప్పుడు మొహాలీలో ఉంటాడు, మనవలున్నారు. "చూశావా?" అన్నాను. చూశానన్నాడు. ఆయన ఎంపీ కాబట్టి కనీసం ముప్పై నాలుగేళ్లకైనా దొరికాడు, మన ప్రధాన్‌జీ ఏ కాగితంలోనూ లేడు, ఎఫ్ఐఆర్‌లో లేడు, కమిషన్‌లో లేడు అన్నాడు. కాగితం అన్న మాట దగ్గర ఇద్దరం ఆగిపోయాం. కొంతసేపయ్యాక "అమ్మ ఎలా ఉంది?" అన్నాడు. పోయి నాలుగేళ్లయింది, వాడికి తెలుసు. అయినా అడిగాడు.

*

ఒక సంగతి దాటేసి వచ్చాను.

ఆ 1984 డిసెంబరులోనే లోక్‌సభ ఎన్నికలు. టెంటు మళ్లీ వేశారు. ప్రధాన్‌జీ కబురు పెట్టాడు, చేతిరాత కుర్రాణ్ణి పంపమని. నేను వెళ్లనన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "రేషన్ కార్డు ఆయన చేతిలో ఉంది రా" అన్నాడు చివరికి. వెళ్లాను.

చలి. కాకా కూర్చునే స్టూలు మీద ఇంకో కుర్రాడు. ఈసారి మా సందు నాకు ఇచ్చారు. లిస్టు పాతదే. 9-ఏ ఉంది, 41 ఉంది, 7 ఉంది. 62లో నాలుగు వరసలు ఉన్నాయి. ఎవరినైనా అడగొచ్చు, ఇవి రాయాలా అని. అడగలేదు. దార్జీ పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటి నంబరు, వరస నంబరు రాశాను. నా దగ్గర ఉన్నది ప్రధాన్‌జీ ఇచ్చిన పెన్నే.

మర్నాడు సాయంత్రం పంచగా మిగిలిన చీటీలు తిరిగి వచ్చాయి. ఇల్లు మారినవాళ్లవి, ఊళ్లో లేనివాళ్లవి, మా సందువి. జిగురు కాచేవాడు కట్టెలు తడిగా ఉన్నాయని విసుక్కుంటూ, ఆ కట్ట తీసుకుని పొయ్యిలో పెట్టాడు. భగ్గున అంటుకుంది. ఇంకో నిమిషానికి మైదా బుడగలు వేసింది. వాడు మైలుతుత్తం వేశాడు.